నల్లబడిన దండకడియం

పట్టాభిషేకం రోజు తెల్లవారుతూనే భాండాగారంలో పెట్టె తెరిస్తే, ఏడు తరాలుగా ఇసుమంత మెరుపు తగ్గని దండకడియం కాకిరెక్కలా నల్లగా ఉంది.

పెట్టె తెరిచిన రాకుమారి వారుణి కేక వేయలేదు. మూత దించి, తలుపు గడియ పెట్టించి, ఇద్దరికి మాత్రమే కబురు పంపింది. ఒకరు ఆస్థానంలో వెండిపని చేసే సిద్ధలింగాచారి. డెబ్భై ఏళ్ళ మనిషి. రాజ్యంలో ఏ గుడి తలుపు మీద వెండి రేకు చూసినా అది ఆయన చేతి పనే. రెండోవాడు ఆయన దగ్గర పదేళ్ళుగా పని నేర్చుకుంటున్న కేదారుడు.

శ్వేతగిరి సింహాసనం ఎక్కేవాళ్ళకు ఒక పరీక్ష ఉంది. సూర్యాస్తమయానికి ముందు నిండు సభలో, దండకడియం పెట్టుకున్న చేతిని గంధకం పొగలో ఒక గడియసేపు ఉంచాలి. మామూలు వెండి ఆ పొగ తగిలిన మరుక్షణం నల్లబడుతుంది. దండకడియం మామూలు వెండి కాదు, మాయని వెండి. దానికి మసి లేదు, మచ్చ లేదు. పొగలోంచి తెల్లగా బయటికొస్తే ఆ చేతికి రాజదండం ఇస్తారు. నల్లబడితే ఆ చేయి రాజ్యానికి తగదని తేల్చి, ఆ మనిషిని ఏటి నడుమ లంకకోటకు పంపేస్తారు. అక్కడికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ ఈ ఒడ్డు చూసింది లేదు. సింహాసనం వరుసలో తర్వాతివాడికి పోతుంది. ఆ తర్వాతివాడు వారుణి పినతండ్రి గజవర్మ. సింహాసనం మీద పరుపు తన కొలతకు కుట్టించుకుంటున్నాడని అంతఃపురంలో అప్పుడే గుసగుసలు మొదలయ్యాయి.

"ఆచారిగారూ, పది రోజుల కిందట మీ చేతుల్లోంచి వచ్చినప్పుడు ఇది తెల్లగానే ఉంది కదా?" అంది వారుణి.

"మల్లెపువ్వులా ఉందమ్మా. మహారాజుగారి చేతికి సరిపోయింది మీకు వదులైందని తగ్గించమన్నారు. తగ్గించి ఇచ్చాను."

"కొలిమిలో పెట్టారా?"

"లేదమ్మా. చల్లగానే, కొయ్యసుత్తితో తట్టి తగ్గించాను."

కేదారుడు కడియాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి చూశాడు. లోపలివైపు ఏడుగురు రాజుల పేర్లు వరసగా చెక్కి ఉన్నాయి. నాలుగో పేరు పక్కన వెంట్రుకంత సన్నని పసుపు గీత కనిపించింది. గోటితో గీకాడు.

"గురువుగారూ, ఇక్కడ టంకం వేసి అతికారు. మాయని వెండికి టంకం అక్కర్లేదు, కాలిస్తే దానికదే అతుక్కుంటుందని మీరే కదా చెప్పారు?"

సిద్ధలింగాచారి కడియం అందుకుని చాలాసేపు చూశాడు. "అయితే ఇది మనది కాదురా. ఎవరో మార్చేశారు."

అది మామూలు వెండే. ఆచారం ప్రకారం దండకడియాన్ని గంధకం పొగ పట్టించి తెల్లబరిచిన ఉన్నిగుడ్డలో చుట్టి పెడతారు. ఏడు తరాలు ఆ గుడ్డలో ఉన్నా మాయని వెండికి ఏమీ కాలేదు. ఈ నకిలీకి మాత్రం పది రోజులకే రంగు బయటపడింది.

"ఎవరు మార్చారు?" అంది వారుణి.

ముసలాయన గోడ వైపు చూశాడు. "ఆ వెండి గుట్టు తెలిసినవాడు ఒక్కడేనమ్మా. గంధకగుట్ట మీది మాంత్రికుడు భస్మనేత్రుడు."

"నేను వెళ్తాను," అన్నాడు కేదారుడు.

"నువ్వా! నువ్వొద్దు!" ముసలాయన గొంతు పెరిగింది. "సైనికుల్ని పంపండమ్మా. వీడు సుత్తి పట్టేవాడు. కత్తి పట్టేవాడు కాదు."

"సైనికులు వెళ్తే గజవర్మకు తెలిసిపోతుంది. పైగా నిజం వెండి ఏదో, నకిలీ ఏదో చూడగానే చెప్పగలిగింది ఈ రాజ్యంలో మీరూ నేనే. మీరు గుర్రమెక్కితే దారి పొడుగునా గుర్రానికే నవ్వొస్తుంది." కేదారుడు గుమ్మం దాటబోతూ ఆగాడు. "దొరికాక చేతికి సరిచేయాల్సి వస్తే నిప్పు చూపించొచ్చా? ఆ వెండికి వేరే పద్ధతేమైనా ఉందా?"

"వెండి వెండేరా. వేరే పద్ధతేమీ లేదు." ఆ మాట అంటున్నంతసేపూ ముసలాయన పైపంచె అంచు నలుపుతూనే ఉన్నాడు.

వంటశాలలో గుండిగలకు కళాయి పూసే మనిషి దగ్గర తిత్తి, సంచి, తలగుడ్డ అరువు తీసుకున్నాడు కేదారుడు. మాంత్రికుడైనా మనిషైనా వంట వండుకోక తప్పదు. వంట ఉన్నచోట మకిలి గిన్నెలు ఉంటాయి. మకిలి గిన్నెలున్నచోట కళాయివాణ్ణి ఎవరూ వెళ్ళగొట్టరు. ముఖానికి బొగ్గు పూసుకుని గుర్రమెక్కాడు.

రెండామడల దారి. జొన్నచేలు దాటాడు, తాటితోపులు దాటాడు, చిత్రనది రేవులో గుర్రాన్ని ఈదించాడు. ఎండ నెత్తికెక్కకముందే గంధకగుట్ట ఎదురుగా నిలబడింది.

దూరానికి ఆ గుట్ట పసుపు రాసులు పోసిన కళ్ళంలా ఉంది. దగ్గరికి వెళ్ళేకొద్దీ ఆ పసుపు పచ్చని పలుకులుగా విడిపోయి, సూదుల్లా, పూరేకుల్లా, తేనెపట్టు గదుల్లా రాళ్ళ సందుల నిండా మెరిసింది. ఆకులు రాలిన చెట్లకు కొమ్మకొమ్మకూ పసుపు పెచ్చు కట్టింది. నేలలో ప్రతి పగులులోంచీ ఆవిరి బుసకొట్టి, గాలిలో తెల్లని తెరలై వేలాడింది. ఆ తెరల వెనక, కొండకొమ్మున రెండు రాతి ఏనుగులు తొండాలు పైకెత్తి నిలబడి, ఆ తొండాల్లోంచి పొగ చిమ్ముతున్నాయి. వాటి నడుమ గుహ నోరు తెరుచుకుని ఉంది. పక్షి అన్నది లేదు. కేదారుడు నడుము తడుముకున్నాడు. అతని వెండి మొలతాడు అప్పటికే ఇనుములా నల్లబడిపోయింది.

గుర్రాన్ని కింద కట్టేశాడు. గుహకీ ఇవతలి గట్టుకీ మధ్య లోయ. లోయ మీద వెదురు వంతెన. వంతెన కింద బురద కుతకుత ఉడుకుతోంది. సగం దూరం వెళ్ళేసరికి, ఏళ్ళ తరబడి ఆవిరికి నానిన తాడు ఒకటి పుటుక్కున తెగింది. వంతెన పక్కకి ఒరిగింది. కేదారుడు పరుగెత్తాడు. వెనక వెదుర్లు ఒక్కొక్కటే రాలి బురదలో పడి ఉడుకుతున్నాయి. రెండో తాడూ తెగింది. చివరి నాలుగు బారలు గాలిలోనే దూకి, ఏనుగు రాతి కాలిని రెండు చేతులా కావిలించుకున్నాడు. వెనక్కి చూస్తే వంతెన లేదు.

"ఎవడ్రా అది, నా వంతెన విరగ్గొట్టింది?"

గుహలోంచి వచ్చిన గొంతులో మంత్రాలేమీ లేవు. అన్నం తింటున్న మనిషి గొంతది. కేదారుడు లోపలికి నడిచాడు. పులితోలు మీద సన్నగా, పొడుగ్గా ఒక మనిషి కూర్చుని పెరుగన్నంలోకి పచ్చిమిరపకాయ కొరుకుతున్నాడు. కళ్ళు రెండూ ఆరిన కుంపటిలోని బూడిద రంగులో ఉన్నాయి. ఆ కళ్ళే భస్మనేత్రుడి గుర్తు.

"కళాయివాణ్ణి స్వామీ! గిన్నెలకు కళాయి!"

"వేళకొచ్చావు. పదహారు గుండిగలున్నాయి. నాలుగేళ్ళయింది ఒక్కడూ ఈ గుట్ట ఎక్కి. కూర్చో, మొదలుపెట్టు."

కేదారుడు తిత్తి దించి, ఒక గుండిగ ముందేసుకుని ఇసుకతో తోమడం మొదలుపెట్టాడు. తోముతూనే గుహంతా కళ్ళతో గాలిస్తున్నాడు. రాతి అరల్లో పుర్రెలు, మూలికలు, తాళపత్రాలు. దండకడియం జాడ లేదు. భస్మనేత్రుడు చేయి కడుక్కుని వచ్చి వెనక నిలబడ్డాడు. కాసేపు చూశాడు.

"ఏమోయ్ కళాయీ, ఈ పని ఎన్నాళ్ళ నుంచి?"

"చిన్నప్పటి నుంచీ స్వామీ."

"అబద్ధం. కళాయివాడు గుండిగలోకి దిగి, ఇసుక పోసుకుని, కాళ్ళతో గిరగిరా తిరుగుతూ తోముతాడు. నువ్వేమో కొత్తపెళ్ళికూతురి చెంప నిమిరినట్టు రెండు వేళ్ళతో నిమురుతున్నావు. నగలు చేసే వేళ్ళవి. ఎవడ్రా నువ్వు?"

జవాబు కోసం ఆగలేదు. కాలితో నేలను తట్టాడు. కేదారుడి కింద రాయి రెండుగా చీలింది. పడుతూ పడుతూ చేతికందిన తిత్తి పట్టీని పట్టుకున్నాడు. తిత్తి రాతి సందులో ఇరుక్కుంది. కాళ్ళ కింద నిలువెత్తు లోతున బురద కళపెళా ఉడుకుతోంది. పట్టీ కుట్లు ఒక్కొక్కటే ఊడుతున్నాయి.

"శ్వేతగిరి దండకడియం కోసం వచ్చాను!" అని అరిచాడు. "నువ్వు దొంగిలించావని చెప్పారు!"

పైనుంచి బూడిద కళ్ళు వంగి చూశాయి.

"దొంగనా? నేను?" భస్మనేత్రుడు నిజంగా నొచ్చుకున్నాడు. "మాంత్రికుడను, పాపి అను, పిశాచమను, పడతాను. దొంగ అంటే మాత్రం పడను." తను తిన్న కంచం తెచ్చి అంచు మీద నుంచి చూపించాడు. "చూడు. ఈ గుట్ట మీద నీ మొలతాడు జాము కూడా బతకలేదు. నా కంచం వయసు నూటయాభై ఏళ్ళు."

కంచం నిండుచంద్రుడిలా వెలుగుతోంది.

"ఆ వెండిలో కలిసే బూడిదరాయి ఈ గుట్టలోనే పుడుతుంది. మా ముత్తాతే మీ మొదటి రాజుకు గుప్పెడు దానం చేశాడు. పెరట్లో ఆవుల మంద ఉన్నవాణ్ణి, పక్కింటి పాలచెంబు కోసం గోడ దూకుతానా? ఎవడు చెప్పాడు నేను దొంగనని?"

"మా గురువుగారు."

"దాని మంచి గుణం మీ గురువు చెప్పే ఉంటాడు. చెడ్డ గుణం చెప్పాడా?"

"వెండి వెండే, వేరే పద్ధతి లేదన్నారు."

భస్మనేత్రుడు పగలబడి నవ్వాడు. గుహలో పుర్రెలు కూడా కదిలాయి. "అది ఎర్రగా కాలి ఉన్నప్పుడు దాని జోలికి పోకూడదురా! నీళ్ళు తగిలాయా, అప్పడంలా విరుగుతుంది. ఎరుపు చల్లారేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. రాయి ఇచ్చిననాడు మా ముత్తాత మీ ఆస్థాన కంసాలిని కూర్చోబెట్టి నూటొక్కసార్లు వల్లె వేయించాడు. అది మీ గురువు ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే మాట!"

ఉడికే బురద మీద వేలాడుతున్న కేదారుడికి ఆ క్షణంలో గుర్తొచ్చింది ఒక మట్టితొట్టి. కొలిమి పక్కన ఎప్పుడూ నీళ్ళతో ఉండే తొట్టి. కాల్చిన వెండిని తీసిన వెంటనే అందులో ముంచడం వాళ్ళ పని తీరు. పదేళ్ళలో ఆ తొట్టిని ఖాళీ చేయగా చూడలేదు. పది రోజుల కిందట మిట్టమధ్యాహ్నం, ఇంట్లో బొగ్గులుండగానే గురువుగారు తనను బొగ్గులకు పంపారు. తిరిగొచ్చేసరికి తొట్టి శుభ్రంగా కడిగి ఎండలో బోర్లించి ఉంది.

"పైకి లాగు," అన్నాడు కేదారుడు. "అసలు మనిషెవరో నాకు తెలిసింది."

భస్మనేత్రుడు లాగాడు. లాగిన చేత్తోనే అతని కుడి మణికట్టుకు సీసపు కడియం ఒకటి తొడిగాడు. అది పాములా కదిలి, బిగుసుకుని, అతుకు లేకుండా మూసుకుపోయింది.

"ఇది నా చెవి. నన్ను దొంగ అన్న నోటితోనే నిజం వినిపించాలి. విన్న క్షణాన ఊడిపోతుంది. సూర్యుడు కుంగేదాకా వినకపోతే నీ మణికట్టు నుజ్జు చేస్తుంది. ఆ పైన కళాయి కూడా పూయలేవు." రాతి అరలోంచి చిన్న ఉప్పుగిన్నె తీసి చేతిలో పెట్టాడు. "ఇదీ పట్టుకెళ్ళు. మాయని వెండే. మీ గురువుకు చూపించు."

"వంతెన లేదు. ఎలా వెళ్ళను?"

"విరగ్గొట్టేముందు ఆలోచించాల్సింది. వెనక చల్లనీళ్ళ బుగ్గ ఉంది. నదిలో తేలుతుంది. ఊపిరి గట్టిగా పట్టుకో."

మెడ పట్టుకుని తోసేశాడు.

చీకటి సొరంగంలో నీళ్ళు కేదారుణ్ణి గడ్డిపోచలా తిప్పాయి. ఒకచోట తల రాతికి కొట్టుకుంది. మరోచోట సొరంగం ఇరుకై భుజాల దగ్గర పట్టేసింది. ఊపిరంతా వదిలేసి సన్నబడి జారాడు. గుండె పగిలిపోతుందనుకున్న క్షణంలో నీళ్ళు అతణ్ణి ఎండలోకి ఉమ్మేశాయి. ఒడ్డుకు ఈది, గుట్ట చుట్టి వచ్చి, గుర్రం కట్టు విప్పాడు. రాజధాని దాకా కళ్ళెం వదిలేశాడు. తాటితోపు దాటేసరికి సీసపు కడియం చర్మంలోకి దిగింది. జొన్నచేలు దాటేసరికి వేళ్ళు నీలం తిరిగాయి.

కోట బురుజుల మీద పట్టాభిషేకపు జెండాలు ఎగురుతున్నాయి. సభామండపంలో గంధకం కుండలు సర్దుతున్న వాసన వీధిదాకా వస్తోంది. పొద్దు ఇంకా నాలుగు గడియలుంది.

సిద్ధలింగాచారి కార్ఖానాలో ఒంటరిగా, ఆరిపోయిన కొలిమి ముందు కూర్చుని ఉన్నాడు. శిష్యుణ్ణి చూసి లేవబోయి తూలాడు.

"వచ్చావా నాయనా! బతికొచ్చావా! నిన్ను పంపినప్పటి నుంచి మంచినీళ్ళు కూడా దిగలేదురా. ఆ చేతికేమైంది?"

"తర్వాత చెబుతాను గురువుగారూ. ముందు నిప్పు వేయాలి."

కేదారుడు బొగ్గులు రాజేసి, ఊదుగొట్టంతో మంట పెంచి, ఉప్పుగిన్నెను నిప్పులో పెట్టాడు. అది పాలలా తెల్లగా వెలిగి, మెల్లగా గులాబీ రంగు తిరిగి, ఎర్రబడింది. కుడిచేయి చాపి చూపించాడు. అరచేయి మొత్తం వాచి ఉంది.

"నా వేళ్ళు ముడుచుకోవడం లేదు. పటకారు మీరు పట్టండి."

ముసలాయన అలవాటు కొద్దీ పటకారు అందుకున్నాడు. ఎర్రగా కాలిన గిన్నెను ఎత్తాడు. మోచేయి దానంతటదే ఎడమకు తిరిగింది. పటకారు నీళ్ళతొట్టి మీదికి సూటిగా దిగింది. జానెడు దూరంలో ఉండగా ఆయన ఒళ్ళంతా జలదరించింది.

"వద్దు! నీళ్ళల్లో వద్దు!"

పటకారు విసిరికొట్టాడు. గిన్నె బొగ్గులలో దొర్లి, ఎర్రగా, చెక్కుచెదరకుండా ఆగింది.

"వెండి వెండే అన్నారు పొద్దున," అన్నాడు కేదారుడు. "వేరే పద్ధతి లేదన్నారు. మరి ఎందుకు ముంచలేదు?"

ముసలాయన నేల మీద కూలబడ్డాడు. శిష్యుడి నీలం తిరిగిన వేళ్ళ వైపు, మణికట్టు మీది సీసం వైపు చూశాడు. అది ఎవరి పనో, దేనికోసమో కేదారుడు చెప్పలేదు. ఆయన అడగనూ లేదు.

"నేనేరా కేదారా. మాంత్రికుడు కాదు, ఇంకెవరూ కాదు. ఆ పద్ధతి నాకు తెలుసు. మా తాత నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పాడు, ఎరుపు చల్లారేదాకా నీళ్ళు చూపించకురా అని. కొయ్యసుత్తికి అది లొంగలేదు. నిప్పులో పెట్టక తప్పింది కాదు. నీ కబుర్లలో పడి ఆ మాట మర్చిపోతానేమోనని నిన్ను బొగ్గులకు పంపాను. నాలో నేను పదిసార్లు అనుకున్నాను. కడియం ఎర్రబడింది. పటకారుతో తీశాను. అంతే. అరవై ఏళ్ళుగా ఈ చేయి తీసిన ప్రతి వెండినీ తీసీతీయగానే నీళ్ళల్లో ముంచింది. నేను ఆగమంటున్నాను. చేయి ముంచేసింది. రోజూ వినే చుయ్‌మన్న చప్పుడు కాదురా అది. టప్‌మంది. ఏడుగురు రాజుల పేర్లు మూడు ముక్కలై తొట్టి అడుగున పడ్డాయి."

సీసపు కడియం ఒక్కసారి వదులైంది. కేదారుడి మణికట్టు మీంచి జారి, నేల మీద మెత్తగా పడింది. ముసలాయన దాన్ని పట్టించుకోలేదు.

"ముక్కలు ఏరుకున్నాను. రవ్వ కూడా మిగలకుండా తొట్టి కడిగి బోర్లించాను. నా చేయి నా మాట వినడం మానేసిందని ఆ పిల్లతో ఎలా చెప్పను? ముక్కల్ని కాల్చి అతుకుదామంటే ఈ చేయి మళ్ళీ ముంచేస్తుందని భయపడ్డాను. మామూలు వెండితో ఇంకోటి చేశాను. తేనెమైనం పూస్తే ఒక్క గడియసేపు పొగ అంటదులే అనుకున్నాను. ఆ ఉన్నిగుడ్డ రాపిడికి మైనం ఊడుతుందని తట్టలేదు. ఎవరు మార్చారని పొద్దున ఆ తల్లి అడిగితే, దూరాన ఉన్నవాడి పేరు నోటికొచ్చింది. వెళ్తానని నువ్వంటావని కలలో కూడా అనుకోలేదు. నువ్వు గుర్రమెక్కేటప్పుడైనా చెప్పాల్సింది. గుమ్మం దాకా వచ్చాను, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాను. అది మాత్రం నా చేతి తప్పు కాదు. అది నా తప్పే. సభలో నేనే చెబుతాను. ఏ శిక్ష వేసినా పడతాను. ముందు పని కానివ్వు. ముక్కలు నా దిండులో ఉన్నాయి, చింపు. అంచుకు అంచు ఆనించి కాలిస్తే వాటికవే అతుక్కుంటాయి. నాలుగు గడియలు సరిపోతాయి. ఆ తొట్టి నీళ్ళు వీధిలో పారబొయ్యి. ఊదుగొట్టం నువ్వు పట్టు, ఎక్కడ ఎంత మంట పెట్టాలో నేను చెబుతాను. కానీ ముందు తాడు తెచ్చి నా రెండు చేతులూ ఆ స్తంభానికి కట్టెయ్. ఎరుపు చల్లారేదాకా విప్పకు."